ముప్పై పూతల గోడ

మధ్యాహ్నం రెండూ పదికి టెగ్వెన్ చేతులకు బేడీలు పడ్డాయి. నాలుగు గంటలకు కార్మార్థెన్ పోలీసు స్టేషన్‌లో ఆమె మీద హత్యానేరం రాస్తారు. ఈ రెండు ముక్కలూ చీఫ్ ఇన్‌స్పెక్టర్ మార్చంట్ వాకిట్లో నిలబడి, రేపు వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ ఇథెల్ బేనన్ గడియారం చూసుకున్నాడు. గంటా యాభై నిమిషాలు. ఆలోగా చంపింది ఈ పిల్ల కాదని చూపించలేకపోతే ఆ తర్వాత ఈ కేసు అతని చేతిలో ఉండదు. మార్చంట్ కార్డిఫ్ నుంచి ఈ కేసు కోసమే వచ్చినవాడు. వచ్చిన పని ముగించుకుని రాత్రి భోజనానికి ఇల్లు చేరాలని అతని తొందర.

చనిపోయింది హన్నా ప్రాసర్. అరవై ఏళ్ళ మనిషి. బ్రిన్‌హెలిగ్ అనే ఈ మట్టిగోడల ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఒంటరిగా ఉంటోంది. శనివారం పొద్దున ఏడున్నరకు పాలచెంబు పట్టుకుని వచ్చిన పక్కపొలం లీసా హారిస్ ఆమెను అటక నిచ్చెన కింద పడి ఉండగా చూసింది. నిచ్చెన జారిందని అందరూ అనుకున్నారు. కాని ఆ ఇంట్లో ఉన్నది మట్టినేల. దాని మీద పడితే ఒళ్ళు కదుముకడుతుంది గాని తల వెనక కొలిచి గీసినట్టు తిన్నని గాటు పడదు. ఇనుముతో కొట్టిన దెబ్బ అనీ, శుక్రవారం సాయంత్రం నాలుగుకీ ఆరుకీ మధ్య ప్రాణం పోయిందనీ డాక్టరు తేల్చాడు.

టెగ్వెన్ హన్నా చెల్లెలి కూతురు. ఇరవై నాలుగేళ్ళు. లివర్‌పూల్‌లో పుట్టి పెరిగిన పిల్ల, పెద్దమ్మను చూసిపోదామని పది రోజుల క్రితం వచ్చింది. పెద్దమ్మ తర్వాత ఇల్లు ఆమెదే. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ ఇంటి గురించి గట్టిగా మాటలనుకున్నారని లీసాయే చెప్పింది. ఇల్లు కూలగొట్టి సెలవుల బంగళా కట్టుకుంటామన్న వాళ్ళకు అమ్మేద్దామని పిల్ల, అసలు ఎవరూ గోడ మీద చెయ్యి వెయ్యకుండా ప్రభుత్వ రక్షిత భవనాల జాబితాలో చేర్పించేశానని పెద్దమ్మ. మార్చంట్‌కి అంతకంటే ఏం కావాలి?

ఇథెల్ ఆ పిల్లను గోడవారకు తీసుకెళ్ళాడు.

"అమ్మాయ్, నాకు టైము లేదు. శుక్రవారం మూడింటికి ఎందుకు బయటికెళ్ళావు?"

"పెద్దమ్మే పొమ్మందండి. ఎవరో వస్తున్నారు, కాసేపు కొండ మీద తిరిగి, అటునుంచటే ఆరూపది బస్సెక్కి టౌనుకెళ్ళు, పొద్దున రా అంది."

"ఎవరొస్తున్నారు?"

"చెప్పలేదు. పైనుంచి మంచి కప్పులు రెండు దించింది. నేనొచ్చినప్పుడు కూడా వాటిని దించలేదు."

"నువ్వెప్పుడైనా రాత్రి పొయ్యి ఆరకుండా నిప్పు కప్పెట్టావా?"

ఆమె అదోలా నవ్వింది. "వచ్చిన రెండో రోజు కప్పెట్టా. తెల్లారేసరికి చచ్చూరుకుంది. పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. మూకుడు పట్టుకుని లీసా గారింటికెళ్ళి నిప్పులు అడిగి తెచ్చుకుంది. అత్తగారి కాలం నుంచీ ఆరని నిప్పట. నేను ఆర్పేశా. ఆ తర్వాత నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు."

"ఇక చాలు," అన్నాడు మార్చంట్ వెనక నుంచి. అతని డ్రైవరు అప్పటికే పిల్ల మోచెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడు.

"ఆ పట్టుకోడమేంటి? దూడా అది?" అన్నాడు ఇథెల్. "సార్జెంటుతో పంపండి. రోడ్డు తెలిసినవాడు."

"సార్జెంటంటే మీ అన్నేగా?"

"మా అన్నే."

"నీ అన్నైనా నీ బాబాయైనా నాకొకటే. నాలుగింటికి అక్కడుండాలి."

సార్జెంట్ గెథిన్ బేనన్ గేటు దగ్గర కారుకి ఆనుకుని ఉన్నాడు. యాభై నాలుగేళ్ళు, నెరిసిన మీసం, ఊళ్ళో పిల్లా పెద్దా అందరికీ కావలసిన మనిషి. తమ్ముడి మాట వినగానే వచ్చి, తన బరువైన పోలీసు కోటు విప్పి టెగ్వెన్ భుజాల మీద కప్పాడు. బేడీలున్న చేతులు లోపలే ఉండగా మెడదాకా బొత్తాలన్నీ పెట్టాడు.

"చలిరా. పట్నం పిల్ల, తట్టుకోలేదు," అన్నాడు తమ్ముడితో. ఇంటి వైపు ఒకసారి చూశాడు. "ఆ పొయ్యి చల్లారిపోయిందిరా. చూస్తే మనసు అదోలా అయిపోయింది."

"జాగ్రత్త, అన్నయ్యా."

"నాకు చెబుతావేంట్రా."

కారు రెండూ ఇరవై అయిదుకు కదిలింది. కార్మార్థెన్‌కి నలభై నిమిషాలు.

*

గుమ్మం పొట్టిది. ఇథెల్ తల వంచి లోపలికి వెళ్ళాడు. అతను ఇలాంటి ఇంట్లోనే పుట్టినవాడు కాబట్టి ఎక్కడ వంగాలో నడుముకే తెలుసు. వెనకాల వచ్చిన మార్చంట్ ఠపీమని నుదురు కొట్టుకుని, ఆ గుమ్మం చేసిన వడ్రంగిని మూడు తరాల దాకా తిట్టాడు.

"ఏడు తరాల దాకా తిట్టాలండి," అంది లోపలి నుంచి ఒక సన్నని గొంతు. "ఆ ఓక్ దూలాలు నరికి మూడు వందల యాభై ఏళ్ళయింది."

పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాయన డాక్టర్ ఇద్వల్ ట్రెహార్న్. పాత ఇళ్ళను పరీక్షించి ఏది కాపాడాలో ప్రభుత్వానికి రాసేది ఆయనే. చనిపోయే ముందురోజు, గురువారం, హన్నాతో రెండు గంటలు గడిపిన మనిషి. ఒళ్ళో భూతద్దం, పక్కన సంచిలో చిన్న ఉలీ, కుంచే. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు. ఎవరూ ఆయన్ను ఏమీ అడగలేదు.

ఇథెల్ మాత్రం ముందు పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఆ ఇంటికి పొయ్యే ప్రాణం. గోడలో సగం పొయ్యే. పైన వెదురుదడిలా అల్లిన కొమ్మల మీద మట్టి మెత్తిన పొగగూడు, లోపల మనిషి నిలబడి ఆకాశం చూడగలిగేంత వెడల్పు. కింద ఇనుప చట్రంలో, బొగ్గుపొడీ బంకమన్నూ కలిపి పిసికిన ముద్దల నిప్పు. పగలంతా తెరిచి ఉంచుతారు. రాత్రి పడుకోబోయే ముందు తడిముద్దలతో పైన మూత వేసి, పారతో అదిమి, గాలికి ఒక్క కన్నం పొడుస్తారు. పొద్దున చువ్వతో ఆ మూత పగలగొడితే కింద ఎర్రగా నిప్పు నవ్వుతుంది. శనివారం నుంచి పోలీసులు దాన్ని ముట్టుకోలేదు. నిప్పు ఆదివారానికి దానంతటదే ఆరింది. మూత మాత్రం కాలిన ఇటుకలా గట్టిపడి, బూడిద పేరుకుని, ఉన్నది ఉన్నట్టే ఉంది.

"అందులో ఏముంది?" అన్నాడు మార్చంట్ నుదురు తడుముకుంటూ.

"హన్నా నిప్పు ఎప్పుడు కప్పెడుతుందో తెలుసాండి మీకు?"

"నాకెందుకు?"

"చాపెల్‌కి ప్రార్థనకెళ్ళే ఆడవాళ్ళంతా ఒకటే వరస. దీపం వెలిగించాలి, బైబిలు చదవాలి, అప్పుడు నిప్పు కప్పెట్టి పడుకోవాలి. తొమ్మిది దాటాకే. ఆ కిటికీలో దీపం చూడండి. వత్తి కొత్తది, కొస తెల్లగా ఉంది. శుక్రవారం అది వెలగలేదు. అంటే పొద్దు గూకక ముందే ఆవిడ పోయింది. డాక్టరు చెప్పిందీ అదే. మరి ఈ నిప్పు కప్పెట్టిందెవరు?"

మార్చంట్ పొయ్యి మీదికి ఒంగి చూశాడు. "పిల్ల కప్పెట్టింది. పొగ వస్తుంటే పెద్దమ్మ బతికే ఉందనుకుంటారని."

"పొగ రావాలంటే తెరిచి ఉంచాలి. కప్పెడితే పొగే రాదు."

"అయితే తెలివితక్కువ పిల్ల."

"ఆ తెలివితక్కువ పిల్ల కప్పెట్టిన నిప్పు పద్నాలుగు గంటలు బతికిందాండి? శనివారం ఏడున్నరకు లీసా పిన్ని చెయ్యి పెడితే వేడిగా ఉంది. వారం కిందట ఇదే పొయ్యి దగ్గర ఆ పిల్ల నిప్పు ఒక్క రాత్రి కూడా నిలవలేదు. కావాలంటే నిప్పులిచ్చిన మనిషినే అడగండి."

"పార పిడి తుడిచేసి ఉంది," అన్నాడు మార్చంట్, తన పక్షం గట్టిచేసుకుంటున్నట్టు. "చువ్వా తుడిచేసి ఉంది. ఒక్క వేలిముద్ర లేదు."

"చువ్వ తుడిచాడంటే కొట్టాడు కాబట్టి. పార ఎందుకు తుడిచాడు? కొట్టాక దాన్నీ పట్టుకున్నాడు కాబట్టి. చీఫ్ గారూ, మనిషిని చంపినవాడు పారిపోవాలి. వీడు నిలబడ్డాడు. పొయ్యి తెరిచి ఉంది, చూసేవాళ్ళు లేరు, వదిలేస్తే అర్ధరాత్రికి ఆరిపోతుంది. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడికి నిప్పు ఆరనివ్వడానికి చేతులు రావు. శవాన్ని దాటుకుంటూ వెళ్ళి ముద్దలు తడిపి, అదిమి, పదిలంగా పెట్టి వెళ్ళాడు. వీడికి ఆలోచన లేక కాదు, అలవాటు ఆలోచన కంటే ముందే చెయ్యి చాపింది."

"కథ బాగుంది. మీ కొండల్లో గొర్రెలు కాచేవాళ్ళకి చెప్పు, రాత్రిళ్ళు పొద్దుపోతుంది. నాకు కోర్టులో చెప్పే సాక్ష్యం కావాలి."

ఇథెల్ మళ్ళీ మూత మీదికి ఒంగాడు. మూతలో పొడిచిన కన్నం ఎడమవైపు ఉంది. ఈ ఇంటి తలుపు కుడివైపు. గాలి వచ్చేదీ కుడివైపు నుంచే. ఇక్కడ బతికిన మనిషి ఎడమవైపు కన్నం ఎందుకు పొడుస్తుంది? ఇంకెక్కడో, గాలి ఎడమవైపు నుంచి వచ్చే పొయ్యి దగ్గర నేర్చిన చెయ్యి అది.

"డాక్టర్ గారూ," అన్నాడు లేచి నిలబడి. "గురువారం మీరు ఇక్కడ ఏం చేశారో వరసగా చెప్పండి."

*

ట్రెహార్న్ ఎన్నాళ్ళనుంచో ఆ మాట కోసమే కాచుకున్నట్టు సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"ఇది 1938లో ఒక మాస్టారు గీసుకున్న ఇంటి పటం. చూడండి, పొయ్యికి కుడిపక్క గోడలో రొట్టెల బట్టీ. గుండ్రంగా, పెద్దది. మనిషి ముడుచుకుని పడుకోగలిగేంత. ఇప్పుడు చూడండి."

కుడిపక్క గోడ తెల్లగా, నున్నగా ఉంది. బట్టీ లేదు.

"మూసేశారు," అన్నాడు ఇథెల్.

"మూసేశారు. ఎప్పుడు? అదే నాకు కావాలి. కాగితంలో రాయాలిగా. ఆవిణ్ణి అడిగితే ఏదో యుద్ధం రోజుల్లో, సరిగా గుర్తులేదు అంది. అందుకని గోడనే అడిగాను. ఈ ఊళ్ళో ప్రతి ఏడూ మే, జూన్లలో వచ్చే పెంతెకొస్తు పండగ ముందు ఇంటికి సున్నం వేస్తారు. ఏడాదికి ఒకే పూత. గోరంత పెచ్చు తీసి అద్దం కింద పెడితే చెట్టు మొదట్లో వలయాల్లా పూతలు కనబడతాయి. పూతకీ పూతకీ మధ్య ఏడాది పొగ, సన్నటి నల్లగీత. ఎడమవైపు గోడ మీద నూట పది దాకా లెక్కపెట్టి వదిలేశాను. కుడివైపు ముప్పై. సరిగ్గా ముప్పై. దాని కింద మట్టి లేదు, రాళ్ళున్నాయి."

"ఏదైనా ఏడు పూత వెయ్యలేదేమో?"

"హన్నా ప్రాసరా?" కిటికీలోంచి ఒక తల లోపలికి వచ్చింది. లీసా హారిస్, డెబ్బై ఏళ్ళది, చేతిలో టీ కెటిల్, గుడ్డలో కట్టిన ఎండుద్రాక్ష రొట్టె. "చెయ్యి విరిగిన ఏడు కూడా ఎడం చేత్తో వేసింది నాయనా. పాస్టరు గారు పోయిన ఏడు ఊళ్ళో ఎవరూ వెయ్యలేదేమో గాని హన్నా మాత్రం వేసింది."

"ఎంతసేపట్నించి వింటున్నావు పిన్నీ?"

"గుమ్మం తగిలిన చప్పుడైన దగ్గర్నించీ."

మార్చంట్ మొహం ఎర్రబడింది. ఇథెల్ లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు 1974 మార్చి. చివరి పూత పోయిన ఏడాది. అక్కణ్ణుంచి ముప్పై వెనక్కి పోతే మొదటి పూత 1944, పెంతెకొస్తు.

"ఈ ముప్పై మాట హన్నాకి చెప్పారా?"

"చెప్పాను. ఆవిడ తుడుస్తున్న పళ్ళెం పక్కన పెట్టి కూర్చుంది. మళ్ళీ లెక్కపెట్టమంది. పెట్టాను. మీరు గోడ తెరుస్తారా అంది. సోమవారం మనుషులతో వచ్చి, అనుమతి కాగితంతో, ఒక్క రాయి తీసి చూస్తానన్నాను. సోమవారమంటే ఇవాళే." ఆయన గొంతు తగ్గింది. "అప్పుడావిడ ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంది. నేను ఇంటి కప్పు మీది గడ్డి కొలుచుకోడానికి బయటికొచ్చేశాను."

"పోలీసులకెందుకు చెప్పలేదు?" అన్నాడు మార్చంట్.

"మీరు నన్ను గోడలకు దూరంగా కూర్చుని నోరు మూసుకోమన్నారండి."

ఇథెల్ వేలి కణుపుతో కుడివైపు గోడ మీద కొట్టాడు. ఒకచోట ముద్దగా మోగింది. జానెడు పక్కన బోలుగా మోగింది. మార్చంట్ తల ఎత్తాడు. వినబడింది అతనికీ.

"1944లో హన్నా మొగుడు ఐవర్ ఏమయ్యాడు పిన్నీ?"

"ఏమయ్యాడంటే ఏం చెప్పను. హన్నా చెల్లెలికి జబ్బు చేస్తే లివర్‌పూల్ వెళ్ళి మూడు వారాలుంది. ఏప్రిల్ నెల. తిరిగొచ్చేసరికి మనిషి లేడు. ఓడెక్కి పోయాడన్నారు. ఒక్క ఉత్తరం ముక్క లేదు. ముప్పై ఏళ్ళు దాని కళ్ళు దారి మీదే ఉన్నాయి."

"తెరవండి," అన్నాడు ఇథెల్.

"కుదరదు," ట్రెహార్న్ గోడకు అడ్డం నిలబడ్డాడు. "ఈ నెల మొదటి తారీకు నుంచి ఇది రక్షిత భవనం. హత్య జరగడంతో నా అనుమతి కాగితం ఆగిపోయింది, అది లేకుండా పిడికెడు మట్టి రాల్చినా నేరం. ఎవరైనా సరే."

"డాక్టర్ గారూ, ఆవిడ ఎందుకు ఈ ఇంటిని జాబితాలో చేర్పించిందనుకున్నారు? మొగుడు తిరిగొస్తే గుమ్మం గుర్తుపట్టాలని. ఇంట్లో ఒక్క రాయి కదలకూడదని. కాపాడమని ఆవిడ మీకిచ్చిన ఇల్లు ఇది. ఆవిణ్ణి ఎవరు చంపారో ఈ గోడకి తెలుసు."

ట్రెహార్న్ గోడ ముందు నుంచి పక్కకు జరిగాడు. తర్వాత సంచి తెరిచి తన ఉలి తనే తీసుకున్నాడు. "అయితే నేనే తీస్తాను. మీ వాళ్ళు గునపాలు తెస్తే నా ప్రాణం పోతుంది."

ముప్పై పూతలు పెచ్చుగా ఊడి నేల మీద పడ్డాయి. ఒక రాయి కదిలింది. ట్రెహార్న్ దాన్ని పసిపిల్లను దించినట్టు రెండు చేతులతో దించాడు. లోపలి నుంచి పాత సున్నపు వాసన, చల్లటి గాలి. మార్చంట్ తన టార్చి వెలిగించి ఆ కన్నంలోకి పట్టాడు.

ఒక బూటు అడుగు కనబడింది. మేకులు కొట్టిన పొలం బూటు. పక్కన రెండోది. రెండూ ఒకదాని మీద ఒకటి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్న మనిషివి ఎలా ఉంటాయో అలా.

కిటికీ దగ్గర కెటిల్ కిందపడిన చప్పుడైంది.

ముప్పై ఏళ్ళు. ప్రతి పెంతెకొస్తుకీ ఆ మనిషి కుంచె పట్టుకుని, తన మొగుడి ముందు నిలబడి, అతని మీద సున్నం వేసింది.

*

"సరే," అన్నాడు మార్చంట్. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. "ఇది పాత నేరం. ఈ పిల్ల అప్పటికి పుట్టనే లేదు. ఒప్పుకుంటున్నాను. కాని ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకటేనని ఎలా?"

"సోమవారం గోడ తెరుస్తారని శుక్రవారం తెలిసినవాడు చంపాడు. హన్నాయే చెప్పి ఉండాలి. మంచి కప్పులు దించింది అతని కోసమే."

ట్రెహార్న్ సంచిలోని కుంచె తీసుకుని ఇథెల్ మళ్ళీ పొయ్యి ముందు కూర్చున్నాడు. నిప్పు మూత మీద మూడు రోజుల బూడిద. దాని కింద, ముద్దల్ని అదిమిన పార అంచు గుర్తులు ఉంటాయి. చెయ్యి ఎలాంటిదో చూద్దామని మెల్లగా తుడిచాడు.

ఒక గుర్తు బయటపడింది. పక్కన ఇంకొకటి. విసనకర్ర విప్పినట్టు, ఎడమ నుంచి కుడికి, నాలుగు.

కుంచె అతని చేతిలో ఆగిపోయింది.

ఈ లోయలో ఎవరూ అలా కొట్టరు. రెండు దెబ్బలు అడ్డంగా వేసి వదిలేస్తారు. వాళ్ళ అమ్మ మాత్రం పెంబ్రోక్ సముద్రం ఒడ్డు నుంచి కాపురానికి వచ్చింది. వాళ్ళింటి తలుపు ఎడమవైపు ఉండేది. ప్రతి రాత్రీ అమ్మ నిప్పు కప్పెట్టి ఎడమవైపు కన్నం పొడిచి, ఇంట్లో పడుకున్న ఒక్కొక్కరి పేరూ చెప్పి పార అంచుతో ఒక్కో గుర్తు వేసేది. నాన్న. అమ్మ. గెథిన్. ఇథెల్. పిల్లలిద్దర్నీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, అలా చేస్తే తెల్లారేదాకా ఆ నలుగురికీ ఏమీ కాదని నేర్పింది. ఆవిడ పోయి పదహారేళ్ళయింది. నాన్న అంతకు ముందే పోయాడు.

ఆ నాలుగు గుర్తులూ తెలిసిన మనుషులు భూమ్మీద ఇద్దరే మిగిలారు. అందులో ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు.

"పిన్నీ." ఇథెల్ చూపు మూత మీదే ఉంది. "హన్నా శుక్రవారం పొద్దున ఎక్కడికైనా వెళ్ళిందా?"

"ఊళ్ళోకెళ్ళింది. చాపెల్ టోపీ పెట్టుకుని. ఆదివారం కాదుగా, ఏంటే అన్నా." లీసా శాలువా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "స్టేషనుకి వెళ్ళి మీ అన్నతో మాట్లాడాలంది. ఆ ఏడు నేను లివర్‌పూల్‌లో ఉన్నప్పుడు బట్టీ మూసింది గెథినేగా, ఎలుకలొస్తున్నాయని నా మీద దయతో మూశాడు, ఏ రోజు మూశాడో అడగాలి అంది. నీకు చెప్పే ఉంటాడనుకున్నానురా. మీ అన్నేగా."

గెథిన్ చెప్పలేదు. హన్నా స్టేషనుకి వచ్చిన మాట శనివారం చెప్పలేదు, ఆదివారం చెప్పలేదు, ఇవాళ గేటు దగ్గరా చెప్పలేదు.

"ఐవర్ ఓడెక్కాడని అప్పట్లో చెప్పిందెవరు?"

లీసా కళ్ళ మీంచి శాలువా దించింది. అప్పుడే ఆమెకూ అర్థమైంది. "గెథినే. రైలు స్టేషన్లో నా కళ్ళారా చూశానన్నాడు," అంది మెల్లగా. "కొత్తగా కానిస్టేబులైన కుర్రాడు, అబద్ధమెందుకాడతాడు అనుకున్నాం. తర్వాత రెండుసార్లు పెళ్ళి చేసుకుంటానని అడిగాడు హన్నాని. నా మొగుడు పోయినట్టు కాగితం లేదుగా అని పంపేసింది."

మార్చంట్ ఇథెల్ మొహం చూశాడు. వెక్కిరించడానికి ఇంతకంటే మంచి అదను అతనికి మళ్ళీ రాదు. వాడుకోలేదు. తల వంచి, గుమ్మం తప్పించుకుని, గేటు వైపు పరుగెత్తాడు. ఇథెల్ అతని వెనకే.

మూడూ నలభై రెండు. మార్చంట్ కారులో రేడియో గరగరమంది.

"కార్మార్థెన్, సార్జెంట్ బేనన్ ఎన్నింటికి చేరాడు?"

"ఇంకా రాలేదండి."

"బయల్దేరి గంటా పావు దాటింది."

"మూడింటికి దారిలో ఫోను పెట్టె నుంచి చేశాడండి. పిల్ల బాగా ఏడుస్తోందట, నేను చేశాను, నేనే చేశాను అంటోందట. వాంతులవుతున్నాయి, గాలి తగలాలి, పాత పలకరాతి గని పక్కనుంచి తీసుకొస్తానన్నాడు. ఒంటరిగా వదలొద్దు, ఏదైనా చేసుకుంటుందేమోనని భయంగా ఉందని కూడా రాయించాడండి."

రాయించాడు. ముందే రాయించాడు. నేరం ఒప్పుకున్న పిల్ల, సార్జెంటు చేతుల్లోంచి తప్పించుకుని దూకేసిన పిల్ల. కేసు ముగుస్తుంది, గోడ మూసే ఉంటుంది. గోడ తెరుచుకుందని గెథిన్‌కి ఇంకా తెలియదు.

మార్చంట్ డ్రైవరును పక్కకు జరగమని తనే కారు స్టార్టు చేశాడు. "ఆ గనిలో ఏముంది?"

"నీళ్ళు," అన్నాడు ఇథెల్. "లోతు ఎవరూ కొలవలేదు."

కారు రాళ్ళ మీద ఎగిరి దారిలో పడింది. ఇథెల్ కళ్ళ ముందు గేటూ, కారూ, అన్నయ్యా. బరువైన ఉన్ని కోటు. నీళ్ళు పీల్చుకుంటే బలమైన మనిషిని కూడా కిందికి లాగే కోటు. బేడీలున్న చేతులు లోపలే ఉండగా, ఒక్కొక్క బొత్తం, మెడదాకా.

డ్రైవరుతో పోనివ్వకుండా, ఆ పిల్లను అన్నయ్యకి అప్పజెప్పమన్నది తనే.